జంట పేరు

"ఏదైనా వ్రాయండి సార్, పాత విద్యార్థుల విభాగంలో రెండు మూడు పేజీలు మిగిలాయి" అంటూ యూనియన్ సావనీరు కమిటీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు మా ఇంటికొచ్చారు. మిగిలిన పేజీలు నింపడానికైనా పనికొస్తానని ఒకరు అనుకున్నందుకు సంతోషించి సరేనన్నాను. టీ తాగి చెప్పులు వేసుకుంటున్నవాళ్లను ఆపి, "వ్యాసం కింద పేరు ఎవరిది వేస్తారు బాబూ?" అని అడిగాను. "వ్రాసేది మీరే కదా సార్, మీదే వేస్తాం" అన్నారు, ఈయనకేదో అయిందన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ.

వాళ్లన్నదాంట్లో తప్పేం లేదు. కాని పేరు అచ్చు వేయించే విషయంలో నేనొకసారి దెబ్బతిన్నాను. దెబ్బతిన్నానని వ్రాయడం కూడా సరికాదేమో! కొట్టింది నేను, తిన్నది మా వాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈ సావనీరు చదివేవాళ్లలో ఇద్దరిద్దరుగా కూడి పాటలో, నాటకమో, గోడపత్రికో నడుపుతున్న మిత్రులు ఉండకపోరు. వాళ్ల కోసం ఇప్పుడు చెబుతున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. కృష్ణా జిల్లాలోది కాదు, మన రంగారెడ్డి జిల్లాలోది. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని సుమారు 30 కిలోమీటర్లు వస్తే తగులుతుంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిదని చెప్పే పెద్దచెరువు మా ఊరికి గుర్తు. 1978లో హైదరాబాదు జిల్లా నుంచి విడిపడి రంగారెడ్డి జిల్లా పుట్టింది. 1980లో మేమిద్దరం ఒకరి నుంచి ఒకరం విడిపడి భూమ్మీద పడ్డాం. నేను ముందు, వాడు పన్నెండు నిమిషాలు వెనక.

ఆసుపత్రి కాగితం ప్రకారం నేను అన్నను. మా నాయినమ్మ లెక్క వేరు. "ముందు బయటికొచ్చినోడు తమ్ముడు బిడ్డా! లోపల ముందుగాల జాగ పట్టినోడే పెద్దోడు, గందుకే ఆఖరికి వచ్చిండు" అనేది. ఈ తగువు చివరిదాకా తేలలేదు. అందుకే మేము ఒకరినొకరం అన్నా అనలేదు, తమ్మీ అనలేదు. "అరేయ్"తోనే గడిచిపోయింది. ఊళ్లోవాళ్లకు ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టమయ్యేది. ఒకడి తప్పుకు ఇంకొకడు తన్నులు తిన్న రోజులున్నాయి. ఒకడికి రావలసిన మిఠాయి ఇంకొకడు మింగిన రోజులూ ఉన్నాయి. మొత్తం మీద లెక్క సరిపోయిందనే అనుకునేవాళ్లం.

1994 ఎండాకాలంలో "హలో బ్రదర్" వచ్చింది. ఇ.వి.వి. సత్యనారాయణ దర్శకత్వం, నాగార్జున రెండు వేషాలు. పుట్టగానే విడిపోయిన కవలలు. ఒకడు వీధిలో పెరిగిన దేవా, ఇంకొకడు విదేశంలో పెరిగిన రాక్ గాయకుడు. ఇద్దరూ దగ్గరికొచ్చారంటే ఒకడి ఒంటికి జరిగేది రెండోవాడికీ తెలుస్తుంది. ఒకడికి దెబ్బ పడితే ఇంకొకడు "అబ్బా" అంటాడు! కవలలైన మాకు అంతకంటే ఏం కావాలి? ఆ సినిమా ఎన్నిసార్లు చూశామో ఇంట్లో తెలిస్తే బతకనిచ్చేవాళ్లు కాదు. బళ్లో వాణ్ణి సారు కొడితే నేను వెనక బెంచీలో "అబ్బా" అనేవాణ్ణి. ఫలితంగా నాక్కూడా నిజంగానే పడేవి.

సినిమా చూసొచ్చి మా వాడు రెండు డాల్డా డబ్బాలు, ఒక స్టీలు బిందె బోర్లించి, అందులోని పాటల దరువు దించేశాడు. నేను బడిలో పాడైపోయి మూలపడ్డ హార్మోనియం అడిగి తెచ్చుకున్నాను. దాని మెట్లలో సగం పలికేవి, సగం పలికేవి కావు. పలకని స్వరం దగ్గర మా వాడు బిందె మీద ఒక దెబ్బ వేసేవాడు. అట్లా మొదలైంది మా సంగీతం.

ఆ సినిమాకు సంగీతం రాజ్–కోటి. టైటిల్స్‌లో ఆ పేరు చూసి చాలాకాలం రాజ్‌కోటి అనే ఒక మనిషి ఉన్నాడనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇద్దరని. రాజ్ అంటే తోటకూర సోమరాజు, కోటి అంటే సాలూరి కోటేశ్వరరావు. ఇద్దరూ సంగీత దర్శకుల బిడ్డలే. రాజ్ తండ్రి టి.వి. రాజు, కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. 1955లో ఒకాయన "జయసింహ"కు, ఇంకొకాయన "మిస్సమ్మ"కు పాటలు కట్టారు. కొడుకులిద్దరూ చక్రవర్తి గారి దగ్గర పని నేర్చుకుని, 1983లో "ప్రళయ గర్జన"తో జంటగా నిలబడ్డారు. 1988 ఒక్క ఏడాదిలోనే "యముడికి మొగుడు", "ఖైదీ నంబర్ 786", "త్రినేత్రుడు" వాళ్లవి. 1993లో "ముఠా మేస్త్రి". ఇద్దరూ కలిసి చేసినవి దాదాపు 180 సినిమాలని చెబుతారు. ఏ.ఆర్. రహ్మాన్ పెద్దవాడు కాకముందు, దిలీప్‌గా ఉన్న రోజుల్లో, వీళ్ల దగ్గర కీబోర్డు వాయించాడు.

సింథసైజరు, ఎలక్ట్రానిక్ డ్రమ్ములు వాళ్లకు ముందే మన సినిమా పాటల్లోకి వచ్చాయి. వీళ్ల గొప్పతనమల్లా ఆ యంత్రాల మోతను మన ఊరి బరాత్‌లో ఎగిరేందుకు పనికొచ్చేటట్టు చెయ్యడం. వెనక ఎంత రాక్ బీటు నడిచినా పల్లవి మాత్రం ఒకసారి వింటే నోటికి పట్టేది. ఏ పాటలో ఎవరి పాలు ఎంతో వినేవాడికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. పాట ఒకటి, పేరు ఒకటి.

మేమిద్దరం 1998లో ఈ కాలేజీలో చేరాం. ఫ్రెషర్స్ డే నాడు వేదిక మీద నేను సెకండ్ హ్యాండు క్యాసియో, వాడు అద్దెకు తెచ్చిన ఆక్టోపాడ్. పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. ఆక్టోపాడ్ అంటే నాలుగేసి చొప్పున రెండు వరసల్లో ఎనిమిది రబ్బరు పలకలు. ఏ పలకకు ఏ మోత కావాలంటే అది పెట్టుకోవచ్చు. అందరూ డ్రమ్ములు, కాంగోలు పెట్టుకుంటారు. మా వాడు కింది వరసలో డప్పు మోతకు దగ్గరగా ఉండేవి వెతికి పెట్టుకున్నాడు. ఎడమచేత్తో రాక్ బీటు, కుడిచేత్తో తీన్మార్. మైకులో ఎకో. హాలంతా లేచి నిలబడింది. ఆ రాత్రి క్యాంటీన్ దగ్గర ఎవరో మాకు పేరు పెట్టారు: రాజ్–కోటి. ముందు పుట్టాను కనుక నేను రాజ్. వెనక వచ్చాడు కనుక వాడు కోటి. మా బస్సులో కండక్టరు "కోఠి! కోఠి!" అని అరిస్తే చాలు, మిత్రులు మా వాణ్ణి తోసేవాళ్లు, "నిన్నే పిలుస్తుండు, దిగు" అని!

ఆ మూడేళ్లూ మాకు తీరిక లేదు. అప్పుడప్పుడే మా ఊరి చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు లేస్తున్నాయి. వాళ్ల ఫ్రెషర్స్ డేలు, వినాయక నవరాత్రులు, పెళ్లి బరాత్‌లు. ఒక్కో ప్రోగ్రాముకు ఎంతో కొంత ఇచ్చేవాళ్లు. ఒక్కోచోట భోజనం పెట్టి సరిపెట్టేవాళ్లు. డబ్బు ఒకే డబ్బాలో వేసేవాళ్లం, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకునేవాళ్లం. ఆ డబ్బాకు లెక్క వ్రాయాలని ఎప్పుడూ అనిపించలేదు.

2000 నాటికి సినిమా పాటలు వాయించడం విసుగొచ్చింది. మావే కొన్ని పాటలు కట్టుకున్నాం. మాటలు మా యాసలోవే. నీళ్లు లేని చెరువు మీద ఒకటి, రాత్రి ఆఖరి బస్సు మీద ఒకటి, సావుకూ పెండ్లికీ ఒకే డప్పు ఎందుకు కొడతారని ఒకటి. మొత్తం ఎనిమిది. అన్నీ ఎగరడానికి పనికొచ్చేవే. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక చిన్న గదిలో రికార్డింగ్ చేసేవాళ్లుంటే, డబ్బా ఖాళీ చేసి అక్కడ రికార్డు చేశాం. కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి ఖాళీ క్యాసెట్లు వంద కొన్నాం. సినిమా కంపెనీ లేదు, ఆడియో కంపెనీ లేదు. మేమే కంపెనీ.

సరిగ్గా ఆ రోజుల్లోనే క్యాంటీన్‌లో ఒక మాట నా చెవిన పడింది. రాజ్, కోటి విడిపోయి అప్పటికి ఆరేళ్లు కావస్తున్నది. "హలో బ్రదర్" వచ్చిన కాలంలోనే వాళ్లు విడివిడిగా చెయ్యడం మొదలుపెట్టారు. 1995లో రాజ్ "సిసింద్రీ" చేశారు, కోటి "పెదరాయుడు" చేశారు. ఆ తర్వాత కోటి గారికి సినిమాలు ఎక్కువ, రాజ్ గారికి తక్కువ. 2000 అక్టోబరులో "నువ్వే కావాలి" వచ్చి ఊరూరా ఆ పాటలే మోగుతున్నాయి. దానికి సంగీతం కోటి. క్యాంటీన్‌లో ఒక మిత్రుడు తేల్చేశాడు: "చూసిన్రా? పనంతా కోటిదే. రాజ్ ఉత్త పేరుకే!" ఇంకొకడు నావైపు చూసి నవ్వాడు. "ఏం రాజ్ సాబ్, మీ కాడ గూడ గంతేనా?"

ఎంత అన్యాయపు లెక్క అది! ఇద్దరు పదకొండేళ్లు కలిసి చేసినదాన్ని, విడిపోయాక ఎవరికి ఎన్ని సినిమాలు వచ్చాయనే త్రాసులో తూచడమా? అవకాశాలు రావడానికి, రాకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. రెండు వాగులు కలిసి పారిన నీళ్లలో దోసెడు తీసి, ఇది ఏ వాగుదో చెప్పమన్నట్టుంది. ఇవన్నీ ఈ రోజు తోస్తున్న మాటలు. ఆ రోజు మాత్రం నా కడుపులో ఏదో మండింది. జనం మమ్మల్ని కూడా అట్లాగే చూస్తున్నారా? ఎగిరేది వాడి దరువుకే కదా! నా కీబోర్డు ఎవరికి వినిపిస్తున్నది?

క్యాసెట్ కవరు అచ్చు వేయించే పని నాకు పడింది. మా వాడు ఆ రోజు ఎవరి పెళ్లికో వాయించడానికి పోయాడు. ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చున్న పెద్దాయన అన్ని అక్షరాలూ కూర్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "సంగీతం అన్నకాడ పేరు ఒకటేనా, రెండా? రెండింటికి జాగ ఉన్నది" అన్నాడు.

నేను కొంచెంసేపు ఆలోచించాను. ఆ కొంచెంసేపూ ఈ రోజుకీ నాకు గుర్తే. ట్యూను కట్టింది నేను, సంగీతమంటే ట్యూనే కదా, దరువు దరువే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

"ఒకటే" అన్నాను.

నిజం ఏమిటో ఇప్పుడైనా వ్రాయాలి. ఆ క్యాసెట్‌లో అన్నిటికంటే బాగా వచ్చింది ఆఖరి బస్సు పాట. ఒకనాటి రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు తప్పిపోయి, ఎవరిదో పాల వ్యాను పట్టుకుని తుర్కయంజాల్ దాకా వచ్చి, అక్కణ్నుంచి నడుస్తున్నాం. మా వాడు చేతిలో టిఫిన్ డబ్బా మీద ఎనిమిది దెబ్బల దరువు వేస్తున్నాడు. అందులో ఐదో దెబ్బ కావాలనే వదిలేస్తున్నాడు. ఆ ఖాళీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నా కాలు తడబడుతున్నది. ఆ ఖాళీని పూడ్చడానికే నా నోట్లోంచి ఒక కూనిరాగం వచ్చింది. అదే పల్లవి అయింది. మరి ఆ ట్యూను ఎవరిది? పాడినవాడిదా, జాగా వదిలినవాడిదా? ప్రెస్సులో నిలబడ్డప్పుడు ఈ ప్రశ్న నాకు రాలేదంటే అబద్ధమే అవుతుంది. వచ్చింది. వచ్చిందాన్ని పక్కకు నెట్టాను.

మర్నాడు కవర్ల కట్ట ఇంటికి తెచ్చాను. ఒక క్యాసెట్‌కు కవరు తొడిగి గుర్తుకోసమని నా బీరువాలో పెట్టుకున్నాను. మిగతావి మా వాడి ముందు పెట్టాను. వాడు ఒక కవరు తీసి, ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. కోపగించుకుంటాడనుకున్నాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. వాడు ఏమీ అనలేదు. "రంగు మంచిగొచ్చింది" అన్నాడు. రాత్రంతా తన గదిలో కూర్చుని కవర్లన్నీ క్యాసెట్లకు తొడిగాడు. తెల్లారి బ్యాగులో వేసుకుని ఇబ్రహీంపట్నం బస్టాండులో, కాలేజీల గేట్ల దగ్గర తిరిగి అమ్మాడు. వారం రోజుల్లో డెబ్బైకి పైగా పోయాయి. డబ్బంతా తెచ్చి డబ్బాలో వేశాడు.

ఆ తర్వాత మూడు నాలుగు ప్రోగ్రాములు చేశాం. వాడు దరువులో ఖాళీ వదలడం మానేశాడు. ఎనిమిదికి ఎనిమిది దెబ్బలూ సరిగ్గా వేసేవాడు. వినేవాళ్లకు తేడా తెలియలేదు. నాకు తెలిసింది. 2001లో పరీక్షలయ్యాక ఒక పెళ్లికి బయానా తీసుకుని వాణ్ణి పిలిస్తే, "నాకు తీర్తలేదు, వేరేటోన్ని చూస్కోరా" అన్నాడు. వేరేవాణ్ణి చూసుకోవలసిన అవసరం రాలేదు. అదే ఆఖరు. నేను బి.ఇడి. చేసి పంతులునై వేరే జిల్లాకు పోయాను. వాడు ఊళ్లోనే సౌండ్ సర్వీసు పెట్టుకున్నాడు. స్పీకర్లు, లైట్లు, తర్వాత్తర్వాత డీజే. పండక్కి కలిస్తే "బాగున్నవా?" "బాగున్న." అంతే. ఇద్దరి మధ్యా తగువు ఉందని మా అమ్మకు కూడా తెలియదు. తగువంటూ జరిగితే కదా!

కొన్నేళ్ల కింద మా బళ్లో ఒక కుర్ర టీచరు తన ఫోన్లో ఒక పాట వినిపించాడు. స్కాట్లండులో 1962 మార్చి 5న పుట్టిన కవలలు, క్రెయిగ్ రీడ్, చార్లీ రీడ్. వాళ్ల జంట పేరు "ది ప్రొక్లెయిమర్స్". ఒకే ముఖం, ఒకే రకం కళ్లద్దాలు. ఇంగ్లీషు వాళ్లలాగా నాలుక తిప్పకుండా తమ ఊరి యాసలోనే పాడతారు. ఐదు వందల మైళ్లు నడిచి వస్తానంటూ 1988లో వాళ్లు పాడిన పాట దేశదేశాలకూ పాకింది. 1993లో ఒక హాలీవుడ్ సినిమాలో పెట్టాక అమెరికాలోనూ మోగిపోయింది. ఆ జంట మొదలైంది 1983లో. రాజ్–కోటి మొదటి సినిమా వచ్చిన ఏడాదే! అది కాకతాళీయమని నాకూ తెలుసు. కాని ఆ ఇద్దరూ అరవై దాటినా ఇంకా ఒకే మైకు ముందు నిలబడుతున్నారని విన్నప్పుడు నాకు ఆ పూట అన్నం సయించలేదు. మైళ్ల లెక్కన చూస్తే మా వాడి ఇంటికి నాకు అంత దూరం కూడా లేదు.

2023 మే 21, ఆదివారం. సాయంత్రం టీవీ పెడితే కింద అక్షరాలు పరుగెడుతున్నాయి: సంగీత దర్శకుడు రాజ్ ఇక లేరు. కాసేపటికి కోటి గారిని చూపించారు. ఆయన ముఖం చూడలేక సౌండు తగ్గించాను. ముప్ఫై ఏళ్ల కింద విడిపోయినవాళ్లే కదా! కాని చనిపోయిన మనిషి ఫోటో కింద టీవీవాళ్లు కూడా ఒక్క పేరు వెయ్యలేకపోయారు. "రాజ్–కోటి ద్వయంలో రాజ్" అని వేశారు.

ఫోన్ తీసి మా వాడికి కొట్టాను. బిజీ. మళ్లీ కొట్టాను. బిజీ. ఫోన్ పక్కన పెట్టగానే మోగింది.

"ఎవనితోని మాట్లాడుతున్నవ్ రా? గంట సేపట్నుంచి చేస్తున్న, బిజీ వస్తున్నది" అన్నాడు.

"నీకే చేస్తున్న" అన్నాను.

ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు. "టీవీల 'రాజ్ ఇక లేరు' అని సూసిన రా. ఎవరన్నది తెల్వకముందే గుండె గుభేల్మన్నది." కాలేజీ వదిలాక నన్ను ఆ పేరుతో తలుచుకున్నవాడు వాడొక్కడే.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఇబ్రహీంపట్నం పోయాను. వాడి షాపులో స్పీకర్ బాక్సుల మధ్య ఇద్దరం రెండు డబ్బాల మీద కూర్చున్నాం. చెప్పవలసిన మాట గొంతులో ఉండిపోయింది. ఆఖరికి, "అరేయ్, ఆ క్యాసెట్ కవరు..." అన్నాను. వాడు లేచి, పైన చెక్కమీద దుమ్ముపట్టిన అట్టపెట్టె దించాడు. అమ్ముడుపోకుండా మిగిలిన క్యాసెట్లు. ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

సంగీతం అన్నచోట నా పేరు అచ్చులో ఉంది. దాని పక్కన నీలం బాల్‌పెన్నుతో, వాడి వంకర అక్షరాలతో ఇంకొక మాట ఉంది: "బ్రదర్స్".

ఇంకొకటి తీశాను. దాని మీదా ఉంది. పెట్టెలో ఉన్న ప్రతిదాని మీదా ఉంది.

"అన్నిటికీ రాసినవా?"

"ఒకటి నువ్వు ముందే తీస్కపోయినవ్ గద. తొంబై తొమ్మిదికి రాసిన. చెయ్యి గుంజింది."

నా పేరు కొట్టెయ్యలేదు. తన పేరు వ్రాసుకోలేదు. నేను ఒక్కడిదిగా చేసినదాన్ని ఒక్క మాటతో మళ్లీ ఇద్దరిదిగా చేశాడు. ఊళ్లో అమ్ముడుపోయిన ప్రతి క్యాసెట్ మీదా ఆ మాట ఉంది. కొన్నవాళ్లందరూ చదివారు. లేనిదల్లా నా బీరువాలో ఉన్నదాని మీదే!

"మరి ఎందుకు ఇడిసిపెట్టి పోయినవ్ రా?" అన్నాను.

"నువ్వు ఒక్కపాలన్న తీసి సూస్తవనుకున్న. సూస్తే అడుగుతవనుకున్న. నువ్వు అడగలే." అని, ఎవరో బేరానికి వస్తే లేచి అటు పోయాడు.

విద్యార్థి మిత్రులారా! పెద్దవాణ్ణి కనుక ఏదో ఒక నీతి చెప్పి ముగించాలని మీరు ఎదురుచూస్తుంటారు. జంటలు విడిపోకూడదని నేను చెప్పను. విడిపోతే కూడా బతకవచ్చు, పాటలు కూడా కట్టవచ్చు. ఎవరి దారి వాళ్లది. కాని కలిసి చేసినదానికి మాత్రం పాళ్లు వెయ్యకండి. క్యాంటీన్‌లో ఎవడో వేసే లెక్కకు అసలే తల వంచకండి. అచ్చుకు ఇచ్చేముందు రెండోవాణ్ణి కూడా ప్రెస్సుకు తీసుకుపొండి. ప్రెస్సులో కూర్చున్న పెద్దాయన జాగా ఉందనే చెబుతాడు. జాగా ఎప్పుడూ ఉంటుంది.

మేము మళ్లీ వేదిక ఎక్కుతున్నామని ఎవరూ ఆశపడవద్దు. నా వేళ్లు మొద్దుబారాయి, వాడికి నడుము నొప్పి. నెలకొకసారి ఆదివారం పూట వాడి షాపులో కూర్చుంటున్నాం. నేను పాత క్యాసియో, వాడు ఒక రేకు డబ్బా. ఐదో దెబ్బ మళ్లీ వదిలేస్తున్నాడు. ఎవరు పెద్ద అనే తగువు మాత్రం ఇంకా తేలలేదు. నాయినమ్మ ఉంటే బాగుండేది.

కమిటీ మిత్రులకు ఒక్క మనవి. వ్యాసం కింద నా పేరు వేస్తే వెయ్యండి, పక్కన కొంచెం జాగా మాత్రం వదలండి. మా ఇంటికి వచ్చే కాపీలను ఈసారి ముందు వాడి దగ్గరికే తీసుకుపోతాను. బాల్‌పెన్ను వాడి దగ్గరుంది.